తారీఖు చెప్పి వచ్చే మంచు, చెప్పకుండ ఆగే విమానం

పొగమంచుకు మన దేశంల ఒక తారీఖు ఉన్నది. డిసెంబర్ 10 నుంచి ఫిబ్రవరి 10 దాకా. ఇది నేను కట్టిన ముహూర్తం కాదు, విమాన కంపెనీల మీద పెత్తనం చేసే డీజీసీఏ పెట్టుకున్న లెక్క. ఆ రెండు నెలలు ఢిల్లీల మంచు పడ్తదని, మంచుల విమానం దించుడు నేర్చిన పైలట్లనే ఆడికి పంపాలని, విమానం కూడ అందుకు తగ్గదే ఉండాలని కంపెనీలకు ముందే చెప్తరు. సంక్రాంతి ఏ రోజు చేసుకోవాల్నో పంతుళ్ల నడుమ అయినా లొల్లి అయితది గని, మంచు విషయంల ఆ లొల్లి కూడ లేదు.

ఇంత పక్కాగ తెలిసిన మంచు, ఎయిర్‌పోర్టుల కౌంటర్ కాడికి వచ్చేసరికి ‘మా చేతుల లేని కారణం’ అయి కూసుంటది. నాకు సమజ్ కాని ముచ్చట ఇదే.

మంచుతోని విమానం ఎందుకు ఆగుతదో ముందు చూద్దాం, ఎందుకంటే కంపెనీల తప్పు కానిది వాళ్ల మీద వేసుడు కూడ న్యాయం కాదు. రన్‌వే మీద పైలట్ కంటికి ఎంత దూరం కనిపిస్తదో మీటర్లల్ల కొలుస్తరు. ఢిల్లీల ‘క్యాట్ త్రీ’ అనే ఏర్పాటు ఉన్నది. అన్నిట్ల పెద్ద తరగతి పరికరాలు, అవి వాడుడు నేర్చిన పైలట్ ఉంటే 50 మీటర్లు కనిపించినా విమానం దిగొచ్చు. కని లేవాల్నంటే కనీసం 125 మీటర్లు కనిపించాలె. అంటే దిగిన విమానం మళ్ల లేవలేక ఆడనే పడి ఉండే గంటలు ఉంటయ్. దానికి తోడు, మంచుల విమానానికి విమానానికి నడుమ ఎడం పెంచుతరు, నేల మీద కూడ మెల్లగ నడిపిస్తరు. గంటకు దిగే విమానాల లెక్క పడిపోతది. ఇందుల ఎవరి మోసం లేదు, ప్రాణాల మీది జాగ్రత్త అది. ఎంత ఆలస్యమైనా సరే, ఆ జాగ్రత్త ఉండాల్సిందే.

అయితే ఢిల్లీల మంచు పడితే హైదరాబాద్ల ఎండ కొడ్తుంటే కూడ విమానం ఎందుకు ఆగుతది? శంషాబాద్ల అద్దాల అవుతల ఫెళ్లున ఎండ కాస్తుంటే, ‘వాతావరణం బాగలేదు’ అని మైకుల చెప్తుంటే జనం నవ్వుకుంటరు. కని అందుల నిజం ఉన్నది. ఒక విమానం రోజుకు ఐదారు ఊర్లు తిరుగుతది. పొద్దుగాల ఢిల్లీల లేవాల్సింది లేవకపోతే, పగటీలి హైదరాబాద్ ట్రిప్పు, మాపటీలి రాజమండ్రి ట్రిప్పు, రాత్రి తిరుపతి ట్రిప్పు ఒకదాని వెనుక ఒకటి జరుగుకుంట పోతయ్. మన గన్నవరం, రాజమండ్రి కాడ కూడ చలికాలం పొద్దున మంచు కమ్ముతనే ఉంటది. ఒక ఊర్ల పడ్డ మంచు పది ఊర్ల మనుషుల రోజు తింటది.

ఇట్ల తినబడ్డ రోజు ఒకటి నాకు ఈ జనవరిల దొరికింది. శంషాబాద్ నుంచి ఢిల్లీకి పొద్దుగాల 9.40 విమానం. ఐదు గంటలకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, టైమ్ మీదనే ఉన్నదని. గేట్ కాడికి పోయినంక బోర్డు మీద 10.30 అయింది. తర్వాత 11.15. తర్వాత 12. ఏ ఒక్కసారి కూడ గంట కన్న ఎక్కువ చెప్పలే. పక్క సీటుల ఇంజినీరింగ్ పిల్లగాడు ఒకడు ఫోన్ల ఫ్లైట్‌రాడార్ తెరిచి చూపెట్టిండు. మమ్ముల తీస్కపోవాల్సిన విమానం ఇంక ఢిల్లీలనే ఉన్నది, చక్రం కదల్లే. ‘అంకుల్, అది ఇప్పుడు లేచినా ఈడికి వచ్చేసరికి రెండు గంటల పైనే, మళ్ల నూనె పోసుకోవాలె, జనాన్ని ఎక్కించాలె. వీళ్లు అరగంట అంటున్నరు’ అన్నడు. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం పోరడు ఫోన్ల చూసి చెప్పగలిగిన లెక్క, వందల విమానాలు నడిపే కంపెనీకి తెల్వదంటే నమ్మాల్నా?

ఒంటిగంటకు గేట్ మార్చిండ్రు. ముసలోళ్లు, చంటి పిల్లల తల్లులు సామాన్లు గుంజుకుంట ఆ కొస నుంచి ఈ కొసకు ఉరికిండ్రు. మూడింటికి విమానం ఎక్కించిండ్రు. గంటన్నర లోపల కూసోబెట్టి, పైలట్ల డ్యూటీ గంటలు అయిపోయినయని మళ్ల దించిండ్రు. అప్పుడు లేచింది అసలు లొల్లి. కౌంటర్ కాడ నిలబడ్డ పిల్లకు ఇరవై రెండు, ఇరవై మూడేండ్లు ఉంటయేమో. ఆమె ముందట ఉన్న స్క్రీన్ మీద మాకు కనిపించేదే ఆమెకు కనిపిస్తది, అంతకు మించి ఒక్క ముక్క తెల్వదు. నూట ఎనభై మంది కోపం ఆ పిల్ల మీద పడ్డది. తెలిసినోళ్లు, నిర్ణయం తీసుకునేటోళ్లు ఎక్కడో ఏసీ గదుల ఉన్నరు, వాళ్ల ముఖం మాకు కనిపించలే. చివరికి రాత్రి ఎనిమిదికి విమానం లేచింది. నడుమ తిండి అంటే ఒక ఉప్మా కప్పు, ఒక జ్యూస్ డబ్బా. అది కూడ అడిగినోళ్లకే.

ఈ అరగంటల లెక్క ఊరికే వచ్చింది కాదని నా అనుమానం. రూల్ చదివితే సమజైతది. డీజీసీఏ రూల్ ప్రకారం హైదరాబాద్ - ఢిల్లీ అసొంటి దూరానికి రెండు గంటలు దాటితే తిండి పెట్టాలె. ఆరు గంటలు దాటి ఆలస్యమయ్యేతట్టుంటే ముందే చెప్పి, ఆరు గంటల లోపల వేరే విమానంల సీటన్న ఇయ్యాలె, లేకుంటే పూర్తి పైసలన్న వాపస్ చెయ్యాలె. ఎనిమిది తర్వాత లేవాల్సిన రాత్రి విమానం ఆరు గంటలు దాటితే హోటల్ గది ఇయ్యాలె. ఇప్పుడు ఆరు గంటలను పన్నెండు అరగంటలు చేసిండ్రనుకోండ్రి. ఏ అరగంట కాడ కూడ ఆరు గంటల రూల్ మొదలైనట్టు కనిపించదు. పొద్దున్నే ‘మాపటి దాకా రాదు’ అని నిజం చెప్తే, సగం మంది పైసలు వాపస్ తీస్కొని ఇంకో కంపెనీ విమానమో, రైలో ఎక్కిపోతరు. అరగంట ఆశ చూపెడితే ఎవ్వరూ కదలరు. ఆశ మీద మనిషిని కట్టేసుడు కన్న చవకైన తాడు లేదు.

2024 జనవరిల డీజీసీఏ ఒక మాట చెప్పింది: మంచుతోని మూడు గంటలు దాటి ఆలస్యమైతదని అనిపిస్తే విమానాన్ని ముందుగనే రద్దు చేయొచ్చని, సరైన టైమ్ ఎప్పటికప్పుడు జనానికి చెప్పాలని. మంచి మాటే. కని ‘చేయొచ్చు’ అన్నరు, ‘చేయాలె’ అనలే. రద్దు చేస్తే పైసలు వాపస్ ఇయ్యాలె, ఆలస్యం చేస్తే ఉప్మా కప్పుతోని పోతది. ఏది చేస్తరో చెప్పేందుకు జాతకం చూడనక్కర లేదు.

ఆ మాట ఎందుకు వచ్చిందో కూడ యాదికి తెచ్చుకోవాలె. 2023 డిసెంబర్ ఆఖరి వారంల ఢిల్లీల మంచుకు యాభైకి పైగా విమానాలు వేరే ఊర్లకు మళ్లించిండ్రు. విచారణ చేస్తే, మంచుల దించుడు నేర్చిన పైలట్లను ఆ టైమ్‌కు పెట్టలేదని తేలి ఎయిర్ ఇండియాకు, స్పైస్‌జెట్‌కు తలో 30 లక్షల జరిమానా వేసిండ్రు. అంటే మంచు దేవుడిచ్చిందే అయినా, మళ్లింపుల కొన్ని మనిషి చేసినయ్. ఆ మరుసటి నెల, ఢిల్లీల ఒక రన్‌వే మరమ్మతులకు మూసి ఉన్న టైమ్‌లనే మంచు ముదిరింది. గంటల కొద్ది ఆగిన విమానంల ఒక ప్రయాణికుడు ఆలస్యం సంగతి చెప్తున్న పైలట్ మీద చేయి చేసుకున్నడు. అది తప్పే, రెండో మాట లేదు. అదే రోజుల్ల గోవా నుంచి ఢిల్లీ పోవాల్సిన విమానం ముంబైల దిగితే, జనం విమానం పక్కనే నేల మీద కూసొని అన్నం తిన్న వీడియో దేశమంతా చూసింది. ఇండిగోకు 1 కోటి 20 లక్షలు, ముంబై ఎయిర్‌పోర్టుకు 90 లక్షలు జరిమానా పడ్డది. జరిమానా సర్కారుకు పోతది. నేల మీద కూసొని తిన్నోళ్ల జేబులకు కాదు.

ఇగ నష్టపరిహారం. విమానం రద్దైతే, ముందుగ చెప్పకపోతే, దూరాన్ని బట్టి 5 వేల నుంచి 10 వేల దాకా ఇయ్యాలని అదే రూల్ల ఉన్నది. కని దాని కిందనే ఒక తలుపు తెరిచి పెట్టిండ్రు: వాతావరణం కారణమైతే పరిహారం అక్కర లేదు. అందుకనే ఏ లోపమైనా చలికాలంల వాతావరణం దుప్పటి కప్పుకుంటది.

2025 డిసెంబర్ల ఇది అందరి కండ్ల ముందట జరిగింది. దేశంల విమానం ఎక్కేటోళ్లల్ల దగ్గర దగ్గర మూడుల రెండు వంతుల మందిని మోసే ఇండిగో, డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దు చేసింది. అసలు కారణం పైలట్ల విశ్రాంతి రూల్స్. వారానికి విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది, రాత్రి దించే లెక్క తగ్గింది. రెండో విడత నవంబర్ 1 నుంచి అమలైతదని నెలల ముందు నుంచి తెలుసు. అయినా సరిపడ పైలట్లను సిద్ధం చేసుకోలే. లొల్లి మొదలైన రోజుల్ల కంపెనీ ఇచ్చిన ప్రకటనల మాత్రం సాంకేతిక లోపాలు, చలికాలం షెడ్యూల్, రద్దీ, వీటి పక్కన ‘వాతావరణం’ కూడ వరుసల నిలబడ్డది. పైలట్ల రూల్ ఆఖరికి వచ్చింది. దేశమంతా గడబిడ అయినంక సర్కారు టికెట్ రేట్లకు పరిమితి పెట్టింది, కంపెనీ 10 వేల వోచర్లు అన్నది. ఆ కంపెనీకే రాత్రి డ్యూటీ రూల్ నుంచి ఫిబ్రవరి 10 దాకా సడలింపు కూడ ఇచ్చిండ్రు. సరిగ్గ ఆ మంచు తారీఖు దాకనే. మంచుల, రాత్రి పూట దించే పైలట్‌కే నిద్ర ఎక్కువ కావాలె. ఆయన అలిసిపోతే నష్టం ఆయనొక్కనికే కాదు గదా. మమ్ముల దించి వెళ్లిపోయిన పైలట్ల మీద నాకు కోపం రాలే. గంటలు అయిపోతయని తెలిసి కూడ వాళ్లను ఆ విమానంల పెట్టినోళ్ల మీద వచ్చింది.

ఇదంతా నా అసొంటోనికి ఒక రోజు తిప్పలు, అంతే. ఒక మీటింగ్ పోయింది, నడుం పట్టింది. కని ఆ రోజు మా గేట్ కాడ జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన అన్న ఒకాయన ఉన్నడు. దమ్మామ్ పోవాలె. ఏజెంట్ ఢిల్లీ దాకా ఒక టికెట్, ఆడికెల్లి ఇంకో కంపెనీ టికెట్ విడివిడిగ తీసిండు, నాలుగు పైసలు తక్కువైతయని. సాయంత్రం ఐదింటికి ఆయన రెండో విమానం ఆయన లేకుండనే పోయింది. విడి టికెట్లు గనక మొదటి కంపెనీకి సంబంధం లేదు, రెండో కంపెనీ లెక్కల ఆయన రానోడు. ఏజెంట్ ఫోన్ ఎత్తుతలేడు. కొత్త టికెట్‌కు ఇరవై వేల పైన చూపెడ్తున్నది. ఆయన కౌంటర్ కాడ అడిగింది ఒక్కటే: ‘అమ్మా, మీ తోని లేట్ అయిందని ఒక కాయితం రాసియ్యి బిడ్డా, ఆడ కఫీల్‌కు చూపెట్టుకుంట.’ ఆన్‌లైన్ల అప్లై చేసుకోండని చెప్పింది ఆ పిల్ల. ఆ ఫారం ఇంగ్లీషుల ఉన్నది. నేను, ఆ ఇంజినీరింగ్ పిల్లగాడు కలిసి నింపితే మూడోసారికి పోయింది. కాయితం మటుకు ఆ రాత్రి దాకా రాలే.

కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ పోయేటోళ్లకు ఎయిర్‌పోర్టు అంటే షికారు కాదు, అడ్డా మీద కూలి నిలబడే తావు అసొంటిది. రూల్ రాసేటోళ్ల కండ్ల ముందట మాత్రం ఎప్పుడూ ల్యాప్‌టాప్ పట్టుకున్న ప్రయాణికుడే ఉంటడు.

విమానయాన శాఖ మంత్రి మన తెలుగాయనే, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు. పలాస, టెక్కలి నుంచి కూడ బతుకు దేవులాడుకుంట గల్ఫ్ పోయినోళ్లు మస్తు మంది ఉన్నరు, ఆయనకు చెప్పేది లేదు. మంచును ఆపమని ఎవ్వరూ అడుగుతలేరు. డిసెంబర్ 10 నుంచి ఫిబ్రవరి 10 దాకా వాతావరణం మినహాయింపును అట్లనే వదలొద్దు. నేర్చిన పైలట్ ఉన్నడు, విమానం ఉన్నది, అయినా రన్‌వే మీద కనిపించలే అని కంపెనీ రుజువు చేస్తేనే ఆ మినహాయింపు వర్తించాలె. రావాల్సిన విమానం ఇప్పుడు ఏ ఊర్ల ఉన్నదో గేట్ బోర్డు మీద రాయాలె. రైలు ఎక్కడున్నదో పల్లె స్టేషన్ల కూసున్న ముసలమ్మకు కూడ ఫోన్ల తెలుస్తున్నది. మూడు గంటలు దాటితే టికెట్ పైసలన్నీ వాపస్ అడిగే హక్కు రైలుకు ఎప్పటి నుంచో ఉన్నది, ఆరు గంటలు ఆగుమనుడు విమానానికే. ఆలస్యం కాయితం గేట్ కాడనే, అడిగిన భాషల, ముద్ర వేసి ఇయ్యాలె.

అప్పటి దాకా చేతిల ఉన్నదైనా వాడుకోండ్రి. బోర్డింగ్ పాస్ పారెయ్యొద్దు. బోర్డు మీద టైమ్ మారినప్పుడల్లా ఫోటో తీసి పెట్టుకోండ్రి. కేంద్రం ఎయిర్‌సేవ ల ఫిర్యాదు చేయొచ్చు, 1915 కు ఫోన్ కొట్టొచ్చు. వినియోగదారుల కమిషన్ల కేసు మీరు ఉండే జిల్లాలనే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఢిల్లీల ఉన్నా సరే. టికెట్ అసొంటి చిన్న మొత్తాలకు ఫీజు కూడ లేదు, 5 లక్షల దాకా. రెండేండ్ల లోపల వేయాలె. ఈ సంగతులు ఆ జగిత్యాల అన్నకు ఒక చీటీ మీద తెలుగుల రాసిచ్చిన. పాస్‌పోర్టుల పెట్టుకొని ఢిల్లీ విమానం ఎక్కిండు, దమ్మామ్ టికెట్ ఇంక చేతికి రాలేదు.