మైకు ఎవరిస్తారు?

"నవ్వు నాలుగు విధాల చేటు" అని మా నాన్నమ్మ రోజూ అంటుంది. చిత్రం ఏంటంటే, మనలిలో మా వీధి మొత్తాన్ని నవ్వించేది ఆవిడే. సగం తెలుగు, సగం తమిళం కలిపి బేరమాడుతుంటే కూరగాయల బండివాడు త్రాసు కింద పెట్టి మరీ నవ్వుతాడు. ఇంటికి చుట్టాలొస్తే మాత్రం కబుర్లన్నీ మగవాళ్లవి. నాన్నమ్మ వంటింట్లో ఉంటుంది.

ఆవిడకి నవ్వించడం రాక కాదు, నిలబడే చోటు లేక. అందుకే నవ్వించేవాళ్లతో పాటు వాళ్లకి చోటు ఇచ్చేవాళ్లనీ మనం తలుచుకోవాలి. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. 1997లో హెపటైటిస్-బి టీకాని మన దేశంలోనే తయారుచేయించి తక్కువ ధరకి అందించారు. ఆయనే 2001లో 'హాసం' అనే హాస్య సంగీత పత్రిక పెట్టారు. కొన్నేళ్లకి పత్రిక ఆగినా, ఆ పేరుతో ఊళ్లలో హాసం క్లబ్బులు వెలిశాయి. మామూలు మనుషులు లేచి జోకు చెప్పే చోట్లు అవి. మన మద్రాసులోనే బతికిన ముళ్ళపూడి వెంకటరమణ గారి 'కోతి కొమ్మచ్చి'ని పుస్తకంగా తెచ్చింది కూడా హాసం ప్రచురణలే.

టీకాకీ జోకుకీ ఏంటి సంబంధం? నాకైతే రెండూ ఒకే పని అనిపిస్తుంది: కొందరికే అందేదాన్ని అందరికీ అందించడం.

అయితే ఒక మాట. నేను చూసిన హాస్య సభల వీడియోల్లో భార్య మీద జోకులు బోలెడు. మైకు పట్టుకున్న భార్యలే తక్కువ. ఇక ఇక్కడి స్టాండప్ షోలంటారా, నేను వెళ్దామనుకున్నవన్నీ ఊరికి అటు చివర, రాత్రిపూట. అవి ముగిశాక కంటైనర్ లారీల మధ్య మనలి చేరాలి. ఇంట్లో ఒకసారి అడిగాను. ఒప్పుకోలేదు.

కాబట్టి మన తెలుగు శాఖనే అడుగుతున్నాను. నెలకో రోజు, క్లాసులయ్యాక ఒక గంట, ఒక మైకు ఇవ్వండి. రంగు మీద, ఒళ్లు మీద జోకులు వద్దని మనమే నియమం పెట్టుకుందాం. చదువుకునే చోట ఇదేంటి అంటారేమో. తెనాలి రామకృష్ణుడి కథలు చదివి నవ్వొచ్చు గానీ, మనం నవ్వించకూడదా?

మొదటి నెల నాన్నమ్మని తీసుకొస్తాను. అడిగితే, "నేనా? అక్కడికొచ్చి ఏం చెప్తానే?" అని కసిరింది. మర్నాడు పొద్దున్నే తనే అడిగింది, "ఇంతకీ ఏ చీర కట్టుకోమంటావ్?"