నాలుగు చక్రముల బలము

బెజవాడలో మా బంధువుల చిన్నవాడు వేగముగా పరుగెత్తు చిన్నకారు కొనదలచి, ఇంజను బలము నాలుగు చక్రములకును చేరునదియే కావలెనని పట్టుపట్టినాడు. “వదినగారూ, అది క్షేమమేనా, లేక ఖర్చు దండుగయా?” అని వాని తల్లి నన్నడిగినది. ఈ సందేహము సోదరీమణులలో మరికొందరికిని కలుగవచ్చును.

మనమెరిగిన మారుతీ స్విఫ్టులో ముందరి రెండు చక్రములనే ఇంజను త్రిప్పును. 2025లో మన దేశమున అమ్మకమునకు వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ సైతము అట్టిదే. వెల మాత్రము ఏబది లక్షలకు పైమాట! బలము మిక్కుటమైనచో, తడి రోడ్డుపై బయలుదేరునపుడు ఆ రెండు చక్రములు పట్టు తప్పి ఊరక తిరుగును. దానిని నాలుగింటికి పంచినచో బండి జారక ముందుకు దుముకును. ఇది నిజమైన లాభమే. మంచు కురియు దేశములలో దీనికి విలువ యెక్కువ.

కాని ఆపునపుడో? బ్రేకులు ఏ కారునకైనను నాలుగు చక్రములకును ఉన్నవి. మన డెల్టాలో వానలకు తడిసిన రేగడిమట్టి ట్రాక్టరు చక్రముల వెంట రోడ్డెక్కును. అట్టి కాలువగట్టుపై గేదె అడ్డము వచ్చినచో బండిని నిలుపునది టైరుల పట్టు. అదనపు యంత్రమచట బరువే. ఇక 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినపుడు చూచితిమి గదా! ఇంజను గాలి పీల్చు దారిలోనికి నీరు పోయిన పిమ్మట ఎన్ని చక్రములకు బలమున్న నేమి?

కావున ముందరి చక్రముల బండియే చాలునని, మిగిలిన సొమ్ముతో మంచి టైరులు కొని, గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు అరుగక మునుపే మార్చవలెనని చెప్పితిని. తల్లి సంతోషించినది. చిన్నవాడు మాత్రము నాతో ఇంకను మాటలాడుట లేదు.