మారవలసింది పేరేనా?

దానమిచ్చే చేయి ధనంతోపాటు విశ్వాసాన్నీ సమర్పిస్తుంది. అందుకే ఒక ధర్మసంస్థ అపకీర్తి పాలైనప్పుడు, పోయిన సొమ్ముకన్నా 'ఇక ఎవరికిచ్చి ఏం ప్రయోజనం?' అనే నిస్పృహే సమాజానికి ఎక్కువ చేటు చేస్తుంది. అటువంటి సంస్థ కొత్త పేరుతో మన గుమ్మం ముందుకు వస్తే ఏం చేయాలి?

అమెరికాలో జరిగిన ఉదంతం చూడండి. సైకిల్ పందేల వీరుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1996లో క్యాన్సర్ బారిన పడ్డాడు. మరుసటి ఏడాది ఆ రోగుల సహాయార్థం తన పేరనే ఒక సంస్థను స్థాపించాడు. 2004లో అది డాలరుకొకటిగా విక్రయించిన పసుపుపచ్చని చేతిపట్టీలను కోట్లాదిమంది ధరించారు. నిషిద్ధ ఔషధాలు వాడినట్లు తేలడంతో 2012 అక్టోబరులో అతడి ఏడు టూర్ ద ఫ్రాన్స్ విజయాలూ రద్దయ్యాయి. నవంబరులో ఆ సంస్థ అతడి పేరు తొలగించి 'లివ్‌స్ట్రాంగ్ ఫౌండేషన్'గా ప్రకటించుకుంది. అతడు తప్పు అంగీకరించింది మాత్రం 2013 జనవరిలో! పేరు ముందు మారింది, సత్యం తరువాత వచ్చింది. విరాళాలు తగ్గిపోయాయి. ఏ పాపమూ ఎరుగని రోగులకూ, సేవకులకూ ఆ భారం తగిలింది. అయినా సేవ ఆగలేదు. 2014లో టెక్సాస్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో క్యాన్సర్ చికిత్సా కేంద్రానికి ఆ సంస్థ 5 కోట్ల డాలర్లు ఇస్తామని ముందుకొచ్చింది.

మన రామాయణంలోనూ కొత్త పేరు కోరిన తపస్వి ఉన్నాడు. వసిష్ఠుని ధేనువును బలాత్కారంగా తీసుకుపోబోయిన రాజు విశ్వామిత్రుడు. కామానికి ఒకసారి, క్రోధానికి ఒకసారి లొంగి తపస్సు పోగొట్టుకున్నా, ప్రతిసారీ మొదటినుంచి ఆరంభించాడు. చివరకు బ్రహ్మదేవుడే బ్రహ్మర్షివని అన్నా తృప్తిపడక, వసిష్ఠుడు కూడా అనాలని కోరాడు. ఎవరికి అపకారం చేశాడో వారి నోటనే ఆ పేరు వినాలనుకున్నాడు. మిథిలలో శతానందుడు ఈ కథనంతా, స్ఖలనాలతో సహా, విశ్వామిత్రుని ఎదుటే శ్రీరామునికి వినిపించాడు. మహర్షి అడ్డు చెప్పలేదు. దాచుకోవలసింది ఏమీ మిగలనివాడే అలా కూర్చోగలడు.

పాఠకులారా! పేరు మార్చుకున్న సంస్థ మీ వద్దకు వస్తే తలుపు వేయకండి, వెంటనే చెక్కూ రాయకండి. జరిగిన తప్పును తమ నోటితో చెబుతున్నారా? బాధ్యులు తప్పుకున్నారా? నష్టపోయినవారికి న్యాయం చేశారా? ఏటేటా తనిఖీ అయిన లెక్కలు చూపుతున్నారా? నిస్సంకోచంగా అడగండి. అడగడం అశ్రద్ధ కాదు. మీ కష్టార్జితం ఆర్తునికి చేరేదాకా చూడడం దానధర్మంలో భాగమే. సంకోచం లేకుండా సమాధానమిచ్చిన వారికి మళ్లీ ఇవ్వండి. వసిష్ఠుడు చేసిందీ అదే.