ఆరోవేలు

గ్రూప్-2 పరీక్షకు చదువుకుంటున్న మా మేనల్లుడు మొన్నొక సాయంత్రం రాజ్యాంగ ప్రతిని చేతబట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. "మావయ్యా, గవర్నరు 153వ అధికరణలో ఉన్నాడు. ముఖ్యమంత్రి 163, 164లలో ఉన్నాడు. ఉప ముఖ్యమంత్రి మాత్రం ఎక్కడా కనబడటం లేదు. ఇందులో పేజీలేమైనా పోయాయా?" అని అడిగాడు. పేజీలేమీ పోలేదనీ, ఆ మాట రాజ్యాంగంలోనే లేదనీ చెబితే వాడు నమ్మలేదు. "మరి ప్రమాణ స్వీకారం ఏమని చేస్తారు?" అన్నాడు. దానికి సమాధానం చెప్పబోయి నేను చాలా దూరమే వెళ్ళవలసి వచ్చింది. ఆ ప్రయాణమే ఈ టపా.

కేంద్రంలో 74, 75 అధికరణలు, రాష్ట్రాలలో 163, 164 అధికరణలు మంత్రిమండలిని గురించి చెబుతాయి. అధిపతిగా ప్రధాని లేదా ముఖ్యమంత్రి, మిగిలినవారు మంత్రులు. "ఉప" అన్న రెండక్షరాలకు అక్కడ చోటు లేదు. 1989 డిసెంబరులో దేవీలాల్ ప్రమాణం చేస్తూ తనను ఉప ప్రధానిగా చెప్పుకుంటే, రాష్ట్రపతి వెంకట్రామన్ "మంత్రి" అని సరిదిద్దారు. అయినా ఆ పెద్దాయన తన మాటే మళ్ళీ అన్నారు. ఆ ప్రమాణం చెల్లదంటూ వేసిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 1990లో కొట్టివేసింది. ఉప ప్రధాని అనేది వర్ణన మాత్రమేననీ, ప్రధాని అధికారాలేవీ ఆ మాటతో సంక్రమించవనీ ఆ తీర్పు సారాంశం. 2024 ఫిబ్రవరిలో ఉప ముఖ్యమంత్రుల నియామకం మీద వచ్చిన వ్యాజ్యంలోనూ న్యాయస్థానం ఇదే దారిలో నడిచింది. ఉప ముఖ్యమంత్రి మొట్టమొదట ఒక మంత్రి, ఆ పేరు వల్ల రాజ్యాంగానికి భంగమేమీ లేదన్నది.

న్యాయస్థానం మాటతో నాకు పేచీ లేదు. పేరు పెట్టుకోవడం నేరం కాదు. ఏ అధికారమూ లేని పేరును చూపించి అధికారం పంచిపెట్టామని జనంతో అనడమే నాకు మింగుడుపడని సంగతి.

"ఉప" అన్నవాడు ఎందుకని మన ఊళ్ళో ఎవరినైనా అడిగి చూడండి. పెద్దాయన లేనప్పుడు చూసుకోవడానికి అంటారు. సర్పంచి పదవి ఖాళీ అయితే ఉప సర్పంచి బాధ్యతలు చూడాలని పంచాయతీరాజ్ చట్టం రాసిపెట్టింది. ఊరికి ఉన్న ఈ పాటి ముందుచూపు రాష్ట్రానికి లేదు.

2009 సెప్టెంబరు 2 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టరు నల్లమల మీద కనబడకుండా పోయింది. ఆ రాత్రంతా టీవీ ముందు కూర్చున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. దుఃఖానికీ ఆశకూ మధ్య ఊగిసలాడుతున్న ఆ గంటల్లో నాకొక ప్రశ్న తోచింది. ఈ క్షణాన ఒక కఠిన నిర్ణయం తీసుకోవలసి వస్తే సంతకం ఎవరిది? అప్పుడు ఉప ముఖ్యమంత్రి లేరు. మరునాడు మరణవార్త ఖాయమయ్యాక ఆర్థికమంత్రి రోశయ్య ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆయన అనుభవమే ఆయనను అక్కడ నిలబెట్టింది. ఏ నియమమూ నిలబెట్టలేదు.

ఢిల్లీ చరిత్రా ఇంతే. 1950లో పటేల్ మరణించాక 1967 దాకా ఉప ప్రధాని పదవి ఖాళీగా ఉంది. ఆ నడుమనే ఇద్దరు ప్రధానులు పదవిలో ఉండగా కన్నుమూశారు. 1964 మే నెలలో నెహ్రూ, 1966 జనవరిలో తాష్కెంటులో శాస్త్రి. రెండుసార్లూ తాత్కాలికంగా ఆ కుర్చీలో కూర్చున్నది గుల్జారీలాల్ నందా. ఆయనకు "ఉప" అన్న బిరుదు ఏనాడూ లేదు. బ్రిటన్‌లోనూ 2020 ఏప్రిల్‌లో ప్రధాని బోరిస్ జాన్సన్ కోవిడ్‌తో అత్యవసర చికిత్సా విభాగంలో ఉన్నప్పుడు ఆయన పనులు చూసిన డొమినిక్ రాబ్ ఉప ప్రధాని కారు, విదేశాంగమంత్రి. అంటే అవసరపడినచోట ఈ పదవి లేదు. ఉన్నచోట ఏమి అవసరానికో తెలియదు.

పోనీ, పదవి ఉన్నవారికి అది రక్షణ అయినా ఇచ్చిందా? పటేల్ బలం పటేల్‌ది. స్వాతంత్ర్యోద్యమం నుంచీ, పార్టీ మీద ఉన్న పట్టు నుంచీ వచ్చింది. బిరుదు తీసేసినా ఆయన పటేలే. మొరార్జీ దేశాయ్‌కి 1967లో అదే బిరుదు దక్కింది. 1969 జూలైలో ఇందిరాగాంధీ ఆయన దగ్గరనుంచి ఆర్థికశాఖను తీసేసుకుంటే ఆ బిరుదు అడ్డుపడలేదు. ఆయన రాజీనామా చేశారు. కొద్ది రోజులకే 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. 1979లో చరణ్‌సింగ్, జగ్జీవన్‌రామ్ ఇద్దరూ ఒకే మంత్రివర్గంలో ఉప ప్రధానులు. ఆ ఏడు జూలైకే ఆ ప్రభుత్వం పడిపోయింది.

ఇక మన సంగతికి వస్తాను. ఈ పదవి తెలుగువారి చరిత్రలో వట్టి అలంకారం కాదు. అది ఒక మాట, ఇచ్చి తప్పిన మాట. 1956 ఫిబ్రవరిలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు ఢిల్లీలో కూర్చుని రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందంలో ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉప ముఖ్యమంత్రి రెండవ ప్రాంతంవారు కావాలని ఉంది. దానిమీద సంతకం చేసినవారిలో నీలం సంజీవరెడ్డి ఒకరు. అదే సంవత్సరం నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఆయనే తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఉప ముఖ్యమంత్రిని మాత్రం వేసుకోలేదు. ఆ పదవి చేతికి ఆరోవేలు వంటిదని ఆయన తోసిపుచ్చిన మాట తెలంగాణలో తరతరాలు గుర్తుపెట్టుకున్నారు. అంతకుముందు ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రిగా పనిచేసినది ఈయనే! తన చేతికి ఉన్నప్పుడు బొటనవేలు, ఎదుటివారికి ఇవ్వవలసినప్పుడు ఆరోవేలు.

ఆ ఒక్క పదవి ఇచ్చి ఉంటే తరువాతి చరిత్ర మారిపోయేదని నేను అనను. ఉద్యోగాలు, నీళ్ళు, నిధుల గురించిన అసలు గాయాలు వేరే ఉన్నాయి. ఆ పదవి ఇచ్చిన రోజుల్లో కూడా గాయం మానలేదు. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా ఉప ముఖ్యమంత్రి బి.వి. సుబ్బారెడ్డి. 1972లో ముల్కీ నిబంధనలపై కోస్తా, రాయలసీమలు భగ్గుమంటే ఆయన పదవిని వదిలేసి జై ఆంధ్ర ఉద్యమంలో ముందు నిలిచారు. ప్రాంతం తరఫున మాట్లాడవలసిన మనిషికి ప్రభుత్వం లోపల ఉండి ఆపగలిగిన నిర్ణయం ఒక్కటీ లేకపోతే, చివరికి వీధిలోకి రావలసిందే.

రెండు వర్గాల మధ్య నమ్మకం లేనప్పుడు ఇటువంటి పదవిని ఎలా నిర్మించాలో చూడాలంటే ఉత్తర ఐర్లండును చూడాలి. 1998 ఒప్పందం ప్రకారం అక్కడ ప్రథమ మంత్రి, ఉప ప్రథమ మంత్రి ఉంటారు. పేరులో "ఉప" ఉన్నా అధికారాలు సమానం. ఒకరు దిగిపోతే రెండవవారి పదవీ పోతుంది. 2017 జనవరిలో ఉప ప్రథమ మంత్రి మార్టిన్ మెక్‌గిన్నిస్ రాజీనామా చేస్తే ప్రథమ మంత్రి అర్లీన్ ఫోస్టర్ కూడా పదవి కోల్పోయారు. మూడేళ్ళపాటు అక్కడ మంత్రివర్గమే లేదు. ఆ నష్టం చిన్నది కాదు. ఆ పద్ధతిని యథాతథంగా తెచ్చుకుందామనీ నేననను. అయితే అక్కడ మాట చట్టమైంది, ఇక్కడ మాట మర్యాదగా మిగిలింది. పెద్దమనుషుల మర్యాద వారి అవసరం ఉన్నంతకాలమే నిలుస్తుంది.

ఈ కాలపు కథ మరొకటి. 2003లో 91వ సవరణ వచ్చి మంత్రుల సంఖ్యను శాసనసభ సంఖ్యలో 15 శాతానికి కట్టడి చేసింది. మంచిపనే. కాని మంత్రులను పెంచే వీలు లేనప్పుడు బిరుదులను పెంచే వీలు మిగిలింది. 2019 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఒకేసారి అయిదుగురు ఉప ముఖ్యమంత్రులయ్యారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, కాపు వర్గాలకు ఒక్కొక్కరు. గిరిజన మహిళ ఒకరు ఆ పేరుతో పిలిపించుకోవడం చూసి ఒక తండాలోనో గూడెంలోనో ఏ ఆడపిల్లకైనా ధైర్యం కలిగి ఉంటే దాన్ని నేను చులకన చేయను. ప్రతీకలకూ విలువ ఉంది. అయితే అయిదుగురిలో ముఖ్యమంత్రి ఊళ్ళో లేనప్పుడు మంత్రివర్గ సమావేశం నడపవలసింది ఎవరు? తమ వర్గానికి నష్టం చేసే దస్త్రాన్ని ఆపి చర్చ కోరే హక్కు ఎవరికి ఉంది? పల్లకీ ఎక్కించారు సరే, దారి చెప్పే హక్కు ఇవ్వలేదు.

దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. ఐర్లండు 1937 నాటి రాజ్యాంగంలోనే, ప్రధాని మరణించినా, అశక్తుడైనా, తాత్కాలికంగా లేకపోయినా "టానిష్ట" అనే ఉప ప్రధాని ఆ పనులు చూడాలని రాసుకుంది. జర్మనీ రాజ్యాంగం 69వ అధికరణలో ఛాన్సలర్ తన మంత్రులలో ఒకరిని ఉపాధిపతిగా నియమించాలంది. మనకు రాజ్యాంగ సవరణ కూడా అక్కరలేదు. ప్రభుత్వ కార్య నిర్వహణ నియమాలను గవర్నరు చేసే 166(3) అధికరణ ఉండనే ఉంది. 2016 సెప్టెంబరు 22న జయలలిత ఆసుపత్రిలో చేరితే, అక్టోబరు 11న గానీ ఆమె శాఖలను పన్నీర్‌సెల్వంకు అప్పగించి మంత్రివర్గ సమావేశాలు నడపమనలేదు. అప్పుడు తమిళనాడు బాధ్యతలు చూస్తున్న గవర్నరు మన విద్యాసాగరరావుగారు వాడినది ఈ 166(3) అధికరణనే. 19 రోజుల తరువాత వాడినదాన్ని ముందే రాసిపెట్టుకోవడానికి అభ్యంతరమేమిటి?

నేను కోరేది రెండు వాక్యాలు. ముఖ్యమంత్రి అందుబాటులో లేనప్పుడు, జబ్బుపడినప్పుడు సమావేశాలకు అధ్యక్షత వహించి అత్యవసర నిర్ణయాలు తీసుకునేది ఫలానావారు అని ఒకటి. ఫలానా రకం దస్త్రాలు వారి సంతకం లేకుండా ముఖ్యమంత్రి బల్ల మీదకు వెళ్ళరాదని మరొకటి. ఇవి రాస్తే ఆ పదవి ఒక్కరికే ఇవ్వవలసి వస్తుంది, ఇచ్చేముందు ఆలోచించవలసీ వస్తుంది. ముఖ్యమంత్రి మరణిస్తే కొత్తవారి నియామకం ఎలాగూ గవర్నరుదే, దానికి శాసనసభలో బలమే కొలమానం. ఆ లోపలి గంటలకైనా జవాబుదారీ ఒకరు ఉండాలి. ఇలా రాయడానికి ఇష్టం లేకపోతే, ఆ బిరుదు మానేసి ఆ వర్గాలకు బలమైన శాఖలు ఇస్తే సరిపోతుంది. ఆర్థికం, హోం, రెవెన్యూ అడగండి, "ఉప" అడగకండి అని నేను ఆయా వర్గాల పెద్దలకు చెప్పదలుచుకున్నాను.

ఇదంతా విని మా మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "పరీక్షలో అడిగితే ఏమి రాయను?" అన్నాడు. "రాజ్యాంగంలో లేదు అని రాయి. మార్కు వస్తుంది," అన్నాను. వాడు పుస్తకం మూస్తూ, "లేనిదాని కోసం అంతమంది ఎందుకు పోట్లాడతారు మావయ్యా?" అని అడిగాడు.

దానికి నా దగ్గర ఉన్న సమాధానం పైన రాసినంతే. ఎక్కడైనా పొరబడి ఉంటే దిద్దండి. మీకు వేరే అభిప్రాయం ఉంటే తప్పక చెప్పండి, వాడికీ చదివి వినిపిస్తాను.