నౌపడ బండి, సవర బడి

పిల్లలూ!

శ్రీకాకుళం జిల్లా పటం తీసి టెక్కలి దగ్గర సముద్రం వైపు చూడండి. నౌపడ అనే ఊరు కనబడుతుంది. ఉప్పు మళ్లకు పేరుపడిన ఊరు. ఈ ఊరికి ఇంకొక విశేషం కూడా ఉన్నది. ఇక్కడి నుంచి పర్లాకిమిడికి 1900లో ఒక చిన్న రైలు నడవసాగింది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే! పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ దారి 1931 నాటికి గుణుపురం చేరింది. ఇప్పుడది పెద్ద పట్టాల దారి అయిపోయింది.

ఆ దారికి అటూ ఇటూ ఉన్న కొండలలో సవరలు ఉంటారు. ఈ నెల వారి చదువు సంగతి చెప్పుకుందాము. "చదువుకు, పేదరికానికి ఏమిటి సంబంధం?" అని మీలో ఎవరైనా అడిగితే, జవాబు ఇందులోనే దొరుకుతుంది.

సవరలు సోమరులు కారు. కొండవాలులో రాళ్లు పేర్చి, గట్లు కట్టి, మెట్లు మెట్లుగా వరిమళ్లు చేయడంలో వాళ్లది అందెవేసిన చేయి. మరి అంత కష్టపడేవాళ్లు పేదలుగా ఎందుకు ఉండిపోయారు? కారణాలు చాలా ఉన్నవి. ఒకటి మాత్రం లెక్క వేసి చూద్దాము.

ఒక రైతు వంద రూపాయలు అప్పు తెచ్చాడనుకోండి. వడ్డీ నూటికి నెలకు అయిదు రూపాయలు. ఏడాదికి అరవై. మూడేళ్లకు నూట ఎనభై! వడ్డీ అంతా చెల్లించినా అసలు వంద అట్లాగే ఉన్నది. కాగితం మీద వంద అని ఉన్నదో, రెండువందలని ఉన్నదో చదవలేనివాడు వేలిముద్ర వేస్తాడు. ఆ పైన పొలం పోతుంది. మన్యంలో ఈ అన్యాయం ఆపడానికి మద్రాసు ప్రభుత్వం 1917లో ఒక చట్టం చేసింది. వడ్డీకి హద్దు పెట్టింది, కొండవారి భూములు ఇతరుల చేతికి పోకుండా కట్టడి చేసింది. మంచిదే. కాని చట్టం కూడా కాగితం మీదనే ఉంటుంది గదా! చదవలేనివాడికి అది ఉన్నదని ఎట్లా తెలుస్తుంది?

"అయితే బడి పెడితే సరిపోతుంది" అంటారేమో. ఆగండి. సవరపిల్లవాడు బడికి వెళ్లాడు. పంతులుగారు తెలుగులో పాఠం చెబుతున్నారు. వాడి ఇంట్లో మాట సవర. అది తెలుగుకు చుట్టమైనా కాదు. ముండా కుటుంబానికి చెందిన భాష. పాఠం బోధపడక, నాలుగు రోజులు కూర్చుని అయిదోరోజు మేకల వెంట పోతాడు. తప్పు పిల్లవాడిదా?

కాదని గ్రహించినవారు గిడుగు వెంకటరామమూర్తి పంతులుగారు. వారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళానికి దగ్గరలోని పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైనారు. సవరలకు చదువు చెప్పాలంటే ముందు తాను వాళ్ల మాట నేర్చుకోవాలనుకున్నారు. నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. రెండు భాషలూ వచ్చిన సవర మనిషిని ఇంట్లో ఉంచుకుని మాట మాటా నేర్చుకున్నారు. కొండలెక్కి తిరిగారు. మలేరియా పట్టుకున్నది, క్వినైను మింగవలసి వచ్చి వినికిడి పోయింది. అయినా పని మానలేదు. సవరభాషలో వాచకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చారు. వారు రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో ప్రభుత్వం అచ్చు వేయించింది. బడిపుస్తకాలలో వాడుకభాష ఉండాలని పోరాడినదీ వారే. మీరు ఈ పేజీని నిఘంటువు లేకుండా చదవగలుగుతున్నారంటే అందులో వారి చలవ ఉన్నది.

వారు 1940లో కన్నుమూశారు. 2004 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కువి, కోయ మొదలైన ఎనిమిది భాషలలో గిరిజన పిల్లలకు మొదటి తరగతుల చదువు మొదలుపెట్టింది. ముందు ఇంటిభాష, మెల్లగా తెలుగు, ఆపైన ఇంగ్లీషు. మెట్టు మెట్టుగా ఎక్కడమన్నమాట.

ఇది మన కొండల గొడవ మాత్రమే కాదు. ప్రపంచంలో నూటికి నలభైమందికి తమకు అర్థమయ్యే భాషలో చదువు అందడం లేదని యునెస్కో 2016లో చెప్పింది. పెద్దవాళ్లందరూ హైస్కూలు చదువు పూర్తిచేసి ఉంటే 42 కోట్లమంది పేదరికం నుంచి బయటపడగలరని 2017లో లెక్కగట్టింది.

చదువు ఒక్కటే చాలునా? చాలదు. పొలానికి నీరు కావాలి, ఊరికి దారి కావాలి, పంటకు సరియైన ధర కావాలి. కాని ఇవి అడగవలసిన అర్జీ రాయడానికైనా, వచ్చిన జవాబు చదువుకోవడానికైనా అక్షరం కావాలి.

ఇప్పుడు మీకు ఒక పని. మీ ఇంట్లోనో, వీధిలోనో వేలిముద్ర వేసేవారు ఒకరైనా ఉంటారు. వారికి సంతకం ఒక్కటే నేర్పి ఊరుకోకండి. సంతకం వచ్చి చదవడం రాకపోతే మోసం ఇంకా సులువు! ముందు అంకెలు నేర్పండి. తరువాత బస్సు మీది ఊరిపేరు. ఆ తరువాత రసీదు. వారు ఏ మాటలు ఆడతారో ఆ మాటలతోనే నేర్పండి. మొదట తాము ఏమి చదవాలనుకుంటున్నారో వారినే అడగండి. ఆ సంగతి నాకు ఉత్తరం రాయండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట: పిల్లలు ఈ పని మీద ఆటకు ఆలస్యంగా వెళితే ఫరవాలేదు, అన్నానికి ఆలస్యంగా వస్తే కోప్పడకండి.