ముల్లు కదలని దినములు



గత నెల గృహదర్శనమునకు వెళ్ళినప్పుడు మా సంఘములోని ఒక తల్లి నీరసముగా మంచము మీద పడుకొని ఉన్నది. ఆమెకు షుగరు ఉన్నది. బరువు తగ్గమని డాక్టరుగారు చెప్పారు. రాత్రిపూట అన్నము తగ్గించి, రోజూ చెరువుగట్టు మీద నడిచి, మూడు నెలలలో 78 కిలోల నుండి 73 కిలోలకు వచ్చింది. ఆ తరువాత ఆరు వారములు తూకపు ముల్లు కదలలేదు. విసిగిపోయి, ఎవరికీ చెప్పకుండా మూడు దినముల ఉపవాసము మొదలుపెట్టింది. షుగరు మాత్రలు మాత్రము ఎప్పటిలాగే వేసుకున్నది. రెండవ దినమున కుళాయి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది.

"అయ్యగారూ, దేవుడు నా ఉపవాసము అంగీకరించలేదేమో" అని ఆమె ఏడ్చింది.

"అమ్మా, లోపము నీ భక్తిలో లేదు. దేవుడు ఎలా చేశాడో అలాగే నీ శరీరము పనిచేస్తున్నది" అని చెప్పాను.

మొదటి వారములలో బరువు త్వరగా తగ్గుతుంది. ఎందుకంటే కాలేయములోను కండలలోను నిలువ ఉన్న పిండిపదార్థముతోపాటు దానిని అంటిపెట్టుకొన్న నీరు కూడా పోతుంది. తరువాత తగ్గేది కొవ్వు. అది నెమ్మదిగానే కరుగుతుంది. పైగా బస్తాలు దించిన బండిని లాగడానికి ఎడ్లకు శ్రమ తగ్గినట్లు, తేలికైన శరీరమునకు తక్కువ ఆహారమే సరిపోతుంది. ఒక్కొక్క కిలో తగ్గేకొద్దీ దినమునకు సుమారు 20 నుండి 30 కేలరీల ఖర్చు తగ్గుతుంది. ఐదు కిలోలు తగ్గినవారికి అది 100 నుండి 150 కేలరీలు. రెండేసి చెంచాల పంచదార వేసిన నాలుగు టీలలో పంచదార ఒక్కటే దాదాపు అంత ఉంటుంది! మొదట తగ్గించిన పిడికెడు అన్నము మనకు తెలియకుండానే మరల కంచములోకి వస్తే, ముల్లు అక్కడే నిలిచిపోతుంది.

మరి పూర్తిగా కడుపు మాడ్చుకుంటే? 1944-45లో, యుద్ధము వలన ఐరోపా ఆకలితో అలమటిస్తున్న కాలములో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక పరిశోధన చేశాడు. అందులో చేరిన 36 మంది యువకులు మనస్సాక్షినిబట్టి ఆయుధము పట్టనన్నవారు. బ్రెదరెన్, క్వేకరు, మెనొనైటు సంఘములవారు వారిలో అనేకులు. (మహబూబ్‌నగర్ ప్రాంతములో సేవచేసిన మెనొనైటు మిషనరీలను మన పెద్దలు ఎరుగుదురు.) ఆకలిగొన్నవారికి ఏలాగు తిండి పెట్టి కోలుకొనజేయాలో తెలియుటకు వీరు 24 వారములు అరకొర భోజనముతో ఉన్నారు. బరువులో సుమారు నాలుగవ వంతు పోయింది. అయితే శరీరము కరవు వచ్చిన ఇంటిలా ఖర్చు బిగించుకున్నది. విశ్రాంతిలో అది ఖర్చుచేసే శక్తి దాదాపు 40 శాతము పడిపోయింది. చివరి వారములలో బరువు తగ్గుట బాగా మందగించింది. వారికి రాత్రింబగళ్ళు తిండి ధ్యాసే. మనసు కృంగిపోయింది. తరువాత ఎంత తిన్నా తృప్తి కలుగలేదు. కాబట్టి కడుపు మాడ్చుకొనుట దీనికి మందు కాదు.

ఆ తల్లికి నేను చెప్పినవి ఇవి:

1. షుగరు మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారు డాక్టరును అడగకుండా ఉపవాసము ఉండవద్దు.

2. వారమునకు ఒక్కసారి, ఉదయమున, ఒకే తూకము మీద చూసుకోండి. ఆవకాయ, ఎండుచేపలు ఎక్కువగా తిన్న మరునాడు ఉప్పు వలన నీరు నిలిచి బరువు పెరిగినట్లు కనబడుతుంది. నడుముకు దారము చుట్టి ముడివేసి దాచుకోండి. తూకము చెప్పని మార్పును ఒక్కొక్కసారి దారము చెప్తుంది.

3. ఒక వారము తిన్నదంతా, త్రాగినదంతా పుస్తకములో వ్రాయండి. ప్రార్థన తరువాత ఇచ్చే టీ, అరటిపండు కూడా లెక్కే. (ఇది మొదట పాస్టర్లమైన మేము చేయవలసిన పని!)

4. అన్నము మరి కొంచెము తగ్గించి పప్పు, గ్రుడ్డు, చేప, కూరగాయలు పెంచండి. నడకతోపాటు, చేతులు ఆనించకుండా కుర్చీలోనుండి పదిసార్లు లేచి కూర్చోండి. కండ నిలవాలి.

5. నెలలు గడిచినా మార్పు లేకపోతే థైరాయిడ్ గూర్చి, వాడే మందుల గూర్చి డాక్టరును అడగండి.

ఇంకొక మాట. బరువులో నూటికి ఐదు వంతులు తగ్గినా షుగరుకు, బీపీకి మేలని వైద్యులు చెప్తారు. ఆ తల్లి అంతకంటె ఎక్కువే తగ్గింది! ఆమె ఓడిపోయాననుకున్న చోట నిజానికి గెలిచి నిలబడి ఉన్నది. తగ్గినది మరల పెరగకుండా కాపాడుకొనుట కూడా జయమే.

ప్రియులారా, ఉపవాసము తూకము కోసము కాదు. మన రొట్టెను ఆకలిగొన్నవానితో పంచుకొనుటే దేవునికి ఇష్టమైన ఉపవాసమని యెషయా 58వ అధ్యాయము మనకు నేర్పుచున్నది. ఆ 36 మంది యువకుల ఆకలి అటువంటిది.

యెరికో చుట్టు ఇశ్రాయేలీయులు ఆరు దినములు తిరిగారు. గోడలో ఒక్క రాయి కదిలినట్లు వ్రాయబడలేదు. అయినను ఏడవ దినమున కూడా వారు తెల్లవారకమునుపే లేచారు. ముల్లు కదలని ఉదయమున మీరును లేచి నడవండి. మన దేహము పరిశుద్ధాత్మకు ఆలయము. దానిని కొట్టి కూల్చుట కాదు, ఓర్పుతో బాగుచేసుకొనుట మన పని.

ఓర్పుకు కర్తయగు దేవుడు మిమ్మును మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.