వేళ తప్పిన గ్రహము

సికింద్రాబాదు, కాజీపేటల నడుమ రైలుమార్గమున ఆలేరు కలదు. ఆ స్టేషనులో ప్రతిదినము ఒకే బండికై వేచియుండు విద్యార్థి, కొన్ని దినములలో అది ఆలస్యముగా వచ్చుటను గమనించెననుకొనుడు. ఆ ఆలస్యమునకు ఒక క్రమము కనబడినచో, దారిలో దానికి అడ్డు తగులు మరియొక బండి కలదని, దానిని చూడకయే అతడు ఊహింపగలడు.

ఆకాశమునను ఇట్టి లెక్కయే కలదు. ఇతర నక్షత్రముల చుట్టు తిరుగు గ్రహములు మిక్కిలి దూరమున నుండుటచే సామాన్యముగా కంటికి కానరావు. అట్టి గ్రహము తన నక్షత్రమునకు అడ్డముగా వచ్చినపుడు నక్షత్రకాంతి ఇంచుక తగ్గును. దీనికి సంక్రమణమని పేరు. గ్రహము ఒంటరిదైనచో సంక్రమణములు సమానమైన వ్యవధిలో జరుగును. తోడుగా మరియొక గ్రహమున్నచో, దాని ఆకర్షణ వలన మొదటిది ఒకప్పుడు ముందుగను, ఒకప్పుడు ఆలస్యముగను వచ్చును. లాగు గ్రహము ఎంత బరువైనదో తేడా అంత పెరుగును. కావున కక్ష్యల అమరికను కూడ లెక్కించినచో, ఆ తేడాయే గ్రహములను తూచు త్రాసగును.

2009లో అంతరిక్షమునకు పంపబడిన కెప్లర్ దూరదర్శిని దీనిని రుజువు చేసెను. 2010లో కెప్లర్-9 అను నక్షత్రపు రెండు గ్రహములయందు ఇట్టి తేడాలు వెల్లడియైనవి. కెప్లర్-19 నక్షత్రపు గ్రహము సుమారు తొమ్మిది దినముల కొకమారు సంక్రమించును. దాని వేళ అయిదు నిమిషముల మేర అటునిటు అగుటను బట్టి, కానరాని రెండవ గ్రహమొకటి కలదని 2011లో తేలినది. ట్రాపిస్ట్-1 చుట్టు తిరుగు ఏడు గ్రహముల బరువులును ఈ విధముననే తూచబడినవి.

తెలుగునాడు ఇట్టి పనికి క్రొత్తది కాదు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమును దాటుటను విశాఖపట్టణమున అంకితం వెంకట నరసింగరావు తన వేధశాలనుండి పరిశీలించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్-రంగాపూర్ వేధశాలలో, ఒకదానినొకటి మరుగుపరచు జంట నక్షత్రములను 48 అంగుళముల దూరదర్శినితో శోధించిరి. అట్టి గ్రహణములు వేళ తప్పినచో, మూడవ తార ఉన్నదేమోయని శాస్త్రజ్ఞులు వెదకుదురు.

పాఠశాలలో లోలకము ఊగు కాలము పుస్తకములోని విలువకు సరిపోలనిచో, అంకెను దిద్ది వ్రాయు విద్యార్థులు కలరు. మార్కులకై చేయు ఈ పని చిన్న తప్పని కొందరందురు. అది సరికాదు. కెప్లర్-19 వేళలకు సరాసరి కట్టి, మిగిలిన తేడాను చెరిపివేసియున్నచో, రెండవ గ్రహము చీకటిలోనే యుండెడిది. అన్ని తేడాలును క్రొత్త గ్రహములు కావు. కొన్ని గడియారపు లోపములు. కొన్ని చూచువాని పొరపాట్లు. ఏది ఏదియో తెలియవలెనన్నను, ముందుగా తేడాను ఉన్నదున్నట్లు వ్రాసియుండవలెను. ఉపాధ్యాయులును సరిపోయిన అంకెకు కాక, నిజముగా చూచిన అంకెకు మార్కులీయవలెను.

ఆలేరు స్టేషనులోని విద్యార్థి బండి వచ్చిన వేళను వ్రాయవలెను గాని, కాలపట్టికలోని వేళను కాదు.